చూరు వరస

మా ఇంటి ముందుభాగం వానాకాలంలో కూలింది. ఎలా కూలిందని అందరూ అడుగుతారు గానీ, చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పాపకు పాలు కాచడానికి వెనక వంటింట్లోకి వచ్చాను. దాన్ని చంకనేసుకునే వచ్చాను, అదే మా అదృష్టం. వెనక ఏదో పెద్ద బస్తా జారినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే మేడగది లేదు, వీధి కనిపిస్తోంది. నేను చెప్పదలచుకున్నది దాని తర్వాత వచ్చిన ఎండాకాలం సంగతి.

మేడగది, దాని కింద వసారా పోగా మాకు మిగిలినవి వెనక రెండు గదులు, వాటి మీద చిన్న డాబా. ముందు ఖాళీకి రేకులు అడ్డం పెట్టాం. ఒక గది వంటకు, ఒకటి పడకకు. పడకగదికి కిటికీ లేదు, మూడువైపులా పక్కిళ్ళ గోడలే. గోడ మీద చెయ్యి పెడితే నడివేసవిలో కూడా చెమట పట్టిన ఒళ్ళులా తగిలేది. మా పాపకు రెండేళ్ళు, చిట్టి అంటాం. ఆ గదిలో పడుకోవడం మొదలుపెట్టాక దానికి దగ్గు పట్టుకుంది. పిల్లల డాక్టరు దాని ఛాతీ విని, వీపు విని, గొట్టం మెడలో వేసుకున్నాడు.

“మందు రాస్తానమ్మా. కానీ పగలు మందు చేసిన పనిని రాత్రి మీ గది చెరిపేస్తుంది. పొడిగా ఉండే గది, పొద్దుటి ఎండ తగిలే గది చూడండి. వచ్చే వానల్లోపల.”

పొద్దుటి ఎండ తగిలేది తూర్పు ముఖాన ఉన్న మేడగదికే. ఆ మేడగదే లేదు. అద్దెకు పోదామంటే, కట్టుబడికి దాచుకున్నది అద్దెకే కరిగిపోతుందని మా ఆయన. ఆయన నీళ్ళ మోటార్లు బాగుచేస్తారు. ఎక్కడి నీళ్ళయినా తోడిపొయ్యగలరు గానీ మా గోడలోని చెమ్మను తోడలేకపోయారు. ఆ ఎండాకాలమంతా నేను ఆకాశం వైపు చూసినట్టు రైతులు కూడా చూసి ఉండరు. ఎక్కడైనా దూదిపింజంత మబ్బు కనిపిస్తే చాలు, గుండె ఝల్లుమనేది. చిట్టి వీపు మీద అరచెయ్యి వేసి పడుకునేదాన్ని. అది ఊపిరి తీస్తే లోపల ఎండుటాకు నలిగినట్టు చేతికి తెలిసేది.

పగటిపూట దాన్ని తీసుకుని ఎదురింటి మేడ మీదికి వెళ్ళేదాన్ని. అక్కడ టైలరక్క ఉంటుంది. ఒంటరి మనిషి. వకీళ్ళ నల్లకోట్లు కుడుతుంది. ఆమె కిటికీ మా ఇంటి వైపుకు, పడమటికి. కిటికీకి ఆనించి బల్ల, బల్ల మీద మిషను. మా పాత మేడ కాస్త పొట్టిది గనక మధ్యాహ్నం ఎండ దాని మీదుగా దాటి ఆమె బల్ల మీద పడేది. మా మేడ కూలాక సాయంత్రం దాకా పడుతోంది.

“తప్పుగా అనుకోకు పిల్లా, మీ గోడ పడ్డం నా కళ్ళకు కలిసొచ్చింది,” అనేది. “నల్లగుడ్డ మీద నల్లదారం. సూర్యుడు తప్ప ఎవడూ చూపించలేడు దాన్ని.”

నాకు కాజాలు కుట్టడం నేర్పింది. చిట్టి కోటుగుడ్డ ముక్కల కుప్ప మీద పడుకునేది. ఆ గదిలో అది దగ్గడం తక్కువే. కానీ పగలు ఎక్కడ తిప్పినా రాత్రి పడుకోవలసింది మా గదిలోనేగా.

*

మాది పాత వీధి. ఇళ్ళన్నీ భుజం భుజం రాసుకుని నిలబడి ఉంటాయి. ఈ వీధి చెడకుండా చూడడానికి ఒక కమిటీ ఉంది. వాళ్ళు సరేనంటేనే ఇక్కడ ఇటుక మీద ఇటుక పెట్టాలి. మా ఆయన గీయించిన నక్షాను వాళ్ళు రెండుసార్లు తిప్పిపంపారు. మూడోసారి కమిటీ మేడమే స్వయంగా వచ్చింది. సన్నగా, ఎండకు కందిపోయి, మంచి మాటకారి. రేకుల ముందు నిలబడి పక్కిళ్ళను వేలితో చూపిస్తూ చెప్పింది.

“కొత్తగా కట్టేది పాతవాటితో కలవాలి. మా నియమాలన్నిటికీ తాత్పర్యం అంతే. కిటికీ అడ్డంగా కాదు, నిలువుగా ఉండాలి. పక్కింటి కిటికీ అడుగు ఎక్కడుందో మీదీ అక్కడే. తలుపులు చెక్కవి. ముందుకు పొడుచుకొచ్చే బాల్కనీ వద్దు. కళ్ళు జిగేలుమనే రంగులు వద్దు.”

మా ఆయన ముఖం చిన్నబోయింది. ఆయనకు గోడ పొడుగునా అద్దాల కిటికీ కావాలని కోరిక.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోకూడదన్నమాట,” అంది మా అత్తయ్య.

“అంతేనమ్మా. అలాగని పాతదానికి నకలుగా కట్టకూడదు. చూస్తే ఇది కొత్తదని తెలియాలి. దొంగ పాతరికం మాకొద్దు.”

“ఇదెక్కడి చోద్యం! కలిసిపోవాలంట, మళ్ళీ వేరని తెలియాలంట!”

ఎదురు మేడ కిటికీలోంచి టైలరక్క తల బయటికి పెట్టింది. “అర్థం కాకపోవడానికేముంది పిన్నీ? మీరు కోడలికి చెప్పేదేగా! ఇంట్లో కలిసిపోవాలి, ఇంటి పిల్లననుకోకూడదు.”

వీధిలో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. “నీ నోటికి ఓ కాజా కుట్టుకోవే,” అంది అత్తయ్య, తానూ నవ్వు ఆపుకోలేక.

ఆ తర్వాత మేడమ్ తల పైకెత్తి చూరుల వైపు చూపించింది. “ముఖ్యమైంది ఇది. అటు ఇంటి చూరూ ఇటు ఇంటి చూరూ ఒకే వరసలో ఉన్నాయి. మీ పాత మేడ చూరు వీటికన్నా రెండు మూరలు కిందికుండేది. పాత ఫోటోల్లో చూశాను, పలువరసలో ఒక పన్ను పొట్టిగా ఉన్నట్టుంది. ఎలాగూ కొత్తగా కడుతున్నారు, ఇప్పుడు వరసలోకి రావాలి.”

అద్దాల కిటికీ పోయిన దుఃఖం ఆ మాటతో తీరిపోయింది మా ఆయనకు. అడక్కుండానే రెండు మూరల ఎత్తు! నాకూ సంతోషమే అయింది. గది ఎత్తుగా ఉంటే గాలి ఆడుతుంది, చెమ్మ నిలవదు. చిట్టి మంచం ఎక్కడ వెయ్యాలో అప్పుడే మనసులో వేసేసుకున్నాను.

పైకి చూస్తే టైలరక్క ఇంకా కిటికీలోనే ఉంది. అప్పుడు మాత్రం నవ్వడం లేదు.

*

కమిటీ వాళ్ళకొక పద్ధతి ఉంది. కట్టబోయే ఇంటి ఆకారాన్ని ముందు వెదుళ్ళతో, తాళ్ళతో నిలబెట్టాలి. చూరు ఎక్కడికొస్తుందో అక్కడ, అందరికీ కనిపించేలా, జానెడు వెడల్పు గుడ్డపట్టీ అడ్డంగా కట్టాలి. అది నెలరోజులు అలా ఉండాలి. వీధిలో ఎవరికైనా ఇబ్బంది అనిపిస్తే చెప్పుకోవచ్చు. నెల తిరగ్గానే మేడమ్ వచ్చి, కొలతలు చూసి, అందరి ముందూ అడుగుతుంది. ఎవరూ కాదనకపోతే మర్నాడే పని మొదలు. ఒక్కరు కాదన్నా సంగతి కమిటీ ముందుకు పోతుంది. కమిటీ మళ్ళీ కూర్చునేది వానలు వెళ్ళాకే.

“ఎవరు కాదంటారు? మనకు శత్రువులెవరున్నారు?” అన్నారు మా ఆయన.

గుడ్డపట్టీ గాలికి చిరగకుండా అంచు మడిచి కుట్టాలంటే టైలరక్కే కుట్టింది. కూలి ఇవ్వబోతే, “ఇల్లు కట్టుకుంటున్నారు, నా చెయ్యీ ఉండనీ,” అంది.

వెదుళ్ళు లేచాయి. ముందు రెండు, వెనక డాబా పిట్టగోడను ఆనుకుని రెండు. వాటి మధ్య తాళ్ళు. వీధి వైపున, పక్కిళ్ళ చూరులతో సరిగ్గా కలిసేలా ఎర్రపట్టీ. గోడల్లేవు, కప్పు లేదు, అయినా ఇల్లు వచ్చినట్టే అనిపించింది. నేను రేకుల పక్కన నిలబడి తాళ్ళ మధ్య ఖాళీని చాలాసేపు చూశాను. అక్కడే, ఆ గాల్లోనే, పొద్దున ఎండ పడేచోట, చిట్టి పడుకుంటుంది.

ఆ మధ్యాహ్నం చిట్టిని తీసుకుని పైకి వెళితే అక్క మిషను తొక్కడం లేదు. బల్ల మీద నల్లకోటు చెయ్యి పరిచి ఉంది. దాని మీద అడ్డంగా పట్టీ నీడ.

“చూడు,” అంది. “ఈ నీడ కింద ఉన్నదంతా రేపు మీ గోడ. ఇప్పుడు ఉత్త గుడ్డ గనక దాని కిందనించి ఎండ వస్తోంది. గోడ లేస్తే రాదు. అన్నం తిని వచ్చి కూర్చునేసరికి నాకు పొద్దు కూకిపోయినట్టే.”

సూర్యుడి ఎత్తును బట్టి నీడ ఎక్కడ పడుతుందో చెప్పే బొమ్మ మా సైన్సు పుస్తకంలో ఉండేది. ఆ పాఠం రాకముందే నన్ను బడి మానిపించారు. ఆ పాఠం నాకు ఆ బల్ల మీద చెప్పినట్టయింది.

“లైటు వేసుకుంటే కుదరదా అక్కా?”

“ఒకసారి వేసుకున్నాను. అలా కుట్టిన కోటు పగటి వెలుతుర్లో తొడుక్కుని చూసుకున్న వకీలు దాన్ని తెచ్చి నా ముఖాన కొట్టాడు. కుట్టు పాములా వంకరటింకరగా పోయింది. లైటు కింద నల్లగుడ్డ మెరుస్తుందే గానీ కుట్టు కనబడదు.” కోటు చెయ్యి మడిచింది. “ఇప్పుడే ఏమీ అనను. నెల ఉందిగా. చూస్తాను. సూర్యుడు కూడా కొంచెం జరుగుతాడేమో.”

చిట్టి దగ్గింది. ఇద్దరం దాని వైపు తిరిగాం.

ఆ రోజు నుంచి నాకు రెండు భయాలు. పైన మబ్బు, ఎదురుగా నీడ. ఇంట్లో చెప్పాను. మా ఆయన నవ్వి, “అక్క మనమ్మాయిని ఎత్తుకు పెంచుతోంది. మన ఇంటికి అడ్డం పడుతుందా?” అన్నారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. “మనిషి మంచిదే. కూటికొచ్చేసరికి ఎవరి చెయ్యి వాళ్ళ నోటికే పోతుంది,” అంది.

*

ఇల్లు కూలాక మాకు బట్టలారేసుకునే చోటు లేదు. డాబా మీద ఉన్న చిన్న తీగ చిట్టి గుడ్డలకే చాలదు. డాబా అంచునుంచి వీధివైపు వెదుళ్ళకు బిగించిన తాళ్ళు ఉత్తగా ఎండలో ఉంటే అత్తయ్య ప్రాణం ఊరుకుంటుందా? ముందు ఒక తువ్వాలు వేసింది. తర్వాత చీర. తర్వాత, చెమ్మ వాసన పట్టిన దుప్పట్లన్నీ ఉడకేసి, పిండీ పిండకుండా తెచ్చి ఆ తాళ్ళ మీద వెయ్యడం మొదలుపెట్టింది.

“చూశావా, ఇల్లు కట్టకముందే పనికొస్తోంది,” అంది.

నాకూ మంచిదే అనిపించింది. ఎండిన దుప్పట్లో చిట్టిని చుడితే దాని ఒంటికి ఎండ వాసన పట్టేది. వీధిలోవాళ్ళు, “ఏమ్మా, కొత్త మేడ మీద బట్టలారేశారే!” అని పరాచికాలాడేవారు. రోజులు అలా గడిచాయి. వెదుళ్ళు నున్నటివి. తడి దుప్పట్ల బరువుకు కట్టిన కట్లు మెల్లమెల్లగా కిందికి జారాయి. ఆ కట్లకే కట్టిన ఎర్రపట్టీ కూడా జారింది. రోజూ కళ్ళముందుండే పిల్ల ఎదిగేది తెలియనట్టు, అది దిగేదీ మాకెవరికీ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం టైలరక్క కిటికీలోంచి కేకేసింది. “పిల్లా! ఇలా రా, చూడు.”

భయపడుతూనే చిట్టిని చంకనేసుకుని వెళ్ళాను. బల్ల మీద ఎండ. కోటు మీద ఎండ. పట్టీ నీడ కిటికీ అడుగున, బయట గోడ మీద పడి ఉంది.

“ఈ వేళప్పుడు మొన్న బల్ల మధ్యలో ఉండేది. ఇవాళ చూడు, గడప దాటలేదు. చెప్పానా, సూర్యుడు జరుగుతాడని!” చిట్టిని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. “ఊరికే నిద్ర పాడుచేసుకున్నాను. కట్టుకోండమ్మా. హాయిగా కట్టుకోండి.”

సాయంత్రం మా ఆయన పని నుంచి వస్తుంటే నడివీధిలో, నలుగురి ముందూ అదే మాట చెప్పింది. “తమ్ముడూ, ఈ ఎత్తయితే నాకేం ఇబ్బంది లేదు. మేస్త్రీని పిలుచుకో.”

ఆయన మేస్త్రీని పిలిచారు. సున్నం వచ్చింది, ఇటుకలు వచ్చి రేకుల పక్కన వీధిలో పేరుకున్నాయి. చాలా రోజుల తర్వాత ఆ వారం నాకు కడుపునిండా అన్నం సహించింది.

*

మేడమ్ వచ్చిన రోజు ఎండ మాడిపోతోంది. నేను పైన టైలరక్క గదిలోనే ఉన్నాను. చిట్టి గుడ్డముక్కల మీద నిద్రపోతోంది. కింద వీధిలో పదిమంది చేరారు. మేడమ్ కొలతలు చూసే మనిషిని వెంటబెట్టుకొచ్చింది. అతను మూడుకాళ్ళ దుర్భిణిలోంచి పక్కింటి చూరును చూశాడు, మా పట్టీని చూశాడు, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

“పట్టీ కిందికుంది మేడమ్. రెండు మూరలకు పైనే.”

“నక్షాలో అలా లేదే?” అంది మేడమ్.

“నేను సరిగ్గానే కట్టించానండీ! అందరూ చూశారు!” అన్నారు మా ఆయన.

మేస్త్రీ నిచ్చెన వేసుకుని ఎక్కి కట్లు తడిమాడు. “జారాయి బాబూ. ఇదిగో, మొదట కట్టిన చోట వెదురు మీద గీరుకుపోయిన గుర్తుంది.” అత్తయ్య డాబా మీద నిలబడి ఉంది. ఆమె చేతిలో ఇంకా పిండని దుప్పటి ఉంది. మెల్లగా దాన్ని బకెట్లోకి వదిలేసింది.

“పైకి బిగించండి. ఉండాల్సిన చోటికి,” అంది మేడమ్.

మేస్త్రీ ఒకవైపు, మా ఆయన ఒకవైపు ఎక్కి కట్లు పైకి జరిపారు. నేను వాళ్ళను చూడలేదు. కిటికీ అడుగున గోడ మీదున్న నీడను చూస్తున్నాను. అది కదిలింది. కిటికీ గడప ఎక్కింది. బల్ల అంచు ఎక్కింది. కోటు మెడ మీదికి వచ్చి, మిషను చక్రం మీదికి వచ్చి, అక్క చేతుల మీదికి వచ్చి ఆగింది.

అక్క చేతులు తియ్యలేదు. వాటినే చూసుకుంటూ కూర్చుంది.

“ఇదండీ అసలు ఎత్తు,” కింద మేడమ్ గట్టిగా అంది. “ఎవరికైనా అభ్యంతరముందా?”

మా ఆయన నిచ్చెన మీదనుంచే మేమున్న కిటికీ వైపు తిరిగి నవ్వారు. “అక్క ముందే చెప్పేసింది లెండి.”

అక్క నా వైపు చూసింది. తర్వాత చిట్టి వైపు. నేను దండం పెట్టలేదు, వద్దని తల ఊపలేదు. ఏం చేసినా తప్పే అనిపించింది. చిట్టి వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

ఆమె లేచి కిటికీలోకి వంగింది. “ఉందమ్మా,” అంది. “నాకుంది.”

మా ఆయన నిచ్చెన దిగి వీధి మధ్యకు వచ్చారు.

“అక్కా! నలుగురి ముందూ ఒప్పుకున్నావు!”

“నేనొప్పుకుంది జారిన ఎత్తుకు తమ్ముడూ. అది జారిందని నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఈ ఎత్తుకు గోడ లేస్తే నేను మిషను మూసుకోవాలి.”

“పెద్ద లైటు నేనే పెట్టిస్తా! కరెంటు బిల్లు కూడా—”

“లైటుతో అయ్యేదయితే నీ నోట చెప్పించుకుంటానా?”

మేడమ్ గొడుగు కిందనుంచి పైకి చూసింది. “వెలుతురు సంగతి మా నియమాల్లో లేదమ్మా. మేం చూసేది వీధి ముఖం.”

“నేనూ వీధిలోనే ఉన్నాను కదమ్మా.”

మేడమ్ చేతిలోని కాగితాలు మడిచి, మా ఆయనతో మెల్లగా అంది: “అభ్యంతరమంటే అభ్యంతరమే. కమిటీ ముందు పెట్టాలి. నన్ను క్షమించండి, వానలయ్యాక.”

నేను చిట్టిని నిద్రలోనే భుజాన వేసుకుని మెట్లు దిగాను. అక్క పిలవలేదు. నేను తిరిగి చూడలేదు.

*

“ఇక ఆ గడప తొక్కావంటే ఊరుకోను,” అన్నారు మా ఆయన ఆ సాయంత్రం.

“ఆవిడ ఒప్పుకున్నది ఆ ఎత్తుకు కాదు కదండీ.”

“నువ్వెవరి పక్క?”

“పిల్ల పక్క.”

“పిల్ల పక్కుండేదానివైతే ముందు ఆవిణ్ణి తిట్టు!”

తిట్టాలనే ఉంది నాకు. చిట్టి దగ్గినప్పుడల్లా రేకుల సందులోంచి ఎదురు కిటికీని చూసి పళ్ళు కొరుక్కునేదాన్ని. ఇంతలో అక్క మిషను ఆపి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కోటును వెలుతురు వైపు తిప్పుకోవడం కనిపించేది. అప్పుడు ఆ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. పాలు పొంగించి, అన్నం మాడ్చి, ఆ ఇంట్లో నేను పనికిరానిదాన్నని అనిపించుకోవలసిన రోజులవి. అయినా ఆ రోజుల్లో అత్తయ్య ఒక్క మాట కూడా అనలేదు. మామూలుగా అయితే మాడిన అన్నానికి నన్ను వీధిలోకి ఈడ్చేది.

అత్తయ్య ఎర్రపట్టీ గురించి మాట్లాడలేదు, దుప్పట్ల గురించి మాట్లాడలేదు. ఆ తాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. ఉతికినవన్నీ పడకగదిలోనే అడ్డంగా తాడు కట్టి ఆరెయ్యడం మొదలుపెట్టింది. గది మరీ చెమ్మెక్కింది. వద్దని నేననలేకపోయాను. ఆమె ముఖం చూస్తే, ఏదైనా అంటే ఆ మనిషి అక్కడే కూలబడిపోతుందేమోనని భయం వేసేది. కూలడం అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా ఆయన టైలరక్కతో మాట మానేశారు. వీధిలో ఎదురుపడితే పక్కకు తిరిగేవారు. ఇటుకల కుప్ప వీధికి అడ్డమని పక్కింటివాళ్ళు సణగడం మొదలుపెట్టారు. మేస్త్రీ వేరే పనికి పోయాడు.

వానలు ఈసారి తొందరగా వచ్చాయి. మధ్యాహ్నం మబ్బు పట్టి, చీకటి కమ్మి, రేకుల మీద కంకర పోసినట్టు మొదలైంది. నేలమాళిగల్లోకి నీళ్ళొచ్చాయని మా ఆయన్ను మోటార్లు తీసుకుని రమ్మన్నారు. ఆయన వెళ్ళారు. పడకగది గోడ మీద అరచేతంత మరక లేచింది. చూస్తుండగానే పళ్ళెమంత అయింది. చిట్టి మొదట దగ్గింది, తర్వాత దగ్గడానికి కూడా ఓపిక లేక ఈలలాంటి చప్పుడు చేసింది. మందు పట్టాను. వేడినీళ్ళ ఆవిరి పట్టాను. ఒళ్ళో నిలువుగా పట్టుకుని ఆ రెండు గదుల మధ్యే తిరిగాను.

ఎవరో రేకు మీద కొట్టారు. తీస్తే టైలరక్క. గొడుగున్నా సగం తడిసింది.

“పిల్లనివ్వు,” అంది.

నేను కదల్లేదు.

“ఇక్కడనుంచి దాని ఈల నా గదిలోకి వినబడుతోంది. పిల్లనివ్వు. నువ్వూ రా.”

వెనక అత్తయ్య గొంతు లేచింది. “చెయ్యాల్సింది చేసి ఇప్పుడొచ్చావా?”

“ఆ ఎత్తు వద్దన్నాను పిన్నీ. పిల్లను వద్దన్నానా?”

ఆయన అన్న మాట నాకు గుర్తుంది. గడప తొక్కితే ఊరుకోనన్నారు. చిట్టి తల నా మెడ మీద వాలిపోయి ఉంది. అత్తయ్య లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకోవడానికేమో అనుకున్నాను. మడిచిన దుప్పటి తెచ్చి చిట్టి మీద కప్పి, నా భుజం చుట్టూ కూడా లాగింది.

“ఇది పొడిగానే ఉంది. పొయ్యి దగ్గర ఆరబెట్టాను,” అంది. ఎవరి ముఖమూ చూడకుండా అంది. “వెళ్ళు. వాడొస్తే నేను చెప్పుకుంటాను.”

వీధి దాటాను.

*

తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. చిట్టి పడుకునే ఉంది. నల్లకోట్ల మధ్య దాని ముఖం మరీ తెల్లగా కనబడుతోంది. చెయ్యి వేసి చూస్తే వీపులో ఆకులు నలగడం లేదు. గురక లాంటిదేదో ఉంది గానీ, అది నిద్రకు సంబంధించిన గురక.

మెట్ల మీద బరువైన అడుగులు. మా ఆయన. మోకాళ్ళ దాకా బురద. గుమ్మంలోనే ఆగిపోయారు. నన్ను ఏమంటారో అని నేను దుప్పటి అంచు వేళ్ళకు చుట్టుకుంటున్నాను. ఆయన చిట్టి వైపు చూసి, ఊపిరి వినడానికి తాను ఊపిరి బిగబట్టి, అలాగే నిలబడ్డారు.

“పడుకుందా?”

“పడుకుంది.”

“లోపలికి రా తమ్ముడూ, కాళ్ళు కడుక్కునే పనిలేదు, నేల ఎలాగూ తుడవాలి,” అంది అక్క. బల్ల దగ్గర కూర్చుని కోటు మెడ విప్పుతోంది. వాళ్ళిద్దరి మధ్యా ఏమీ జరగనట్టే అంది.

ఆయన లోపలికి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. అంతకాలంగా ఎదురుగా ఉన్నా ఆ కిటికీలోంచి మా ఇంటిని ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. తడిసిన రేకులు, వానకు కరిగిన ఇటుకలపొడి, పైన మబ్బుల మధ్య తెల్లటి ఆకాశం. ఆ ఆకాశం వెలుతురే అక్క బల్ల మీద పడుతోంది. ఆయన చెయ్యి చాపి, అరచేతిని అడ్డంగా పెట్టి పక్కింటి చూరుతో సరిచూశారు. తర్వాత చేతిని కిందికి దించారు. కొంచెం దించి ఆపారు. మళ్ళీ బల్లను చూశారు.

“అమ్మ చెప్పింది,” అన్నారు. ఎవరితో అన్నారో తెలియలేదు. “దుప్పట్ల సంగతి. రాత్రంతా నిద్రపోలేదంట.”

అక్క తల ఎత్తలేదు. “పాపం, ఆవిడకేం తెలుసు. తాడు కనబడితే బట్టలారెయ్యని ఆడది ఎక్కడుంది?”

“పాత ఎత్తుకే కట్టుకుంటామని కమిటీని అడిగితే?” అన్నారు ఆయన.

“వరస తప్పుతుందంటారు,” అన్నాను నేను.

“అంటారు,” అన్నారు. “ఒప్పుకోకపోతే?”

ఆ వానాకాలమంతా చిట్టీ నేనూ అక్కడే పడుకుంటామనీ, అత్తయ్య రోజూ పాలగిన్నె కొంగు చాటున పెట్టుకుని వీధి దాటి వస్తుందనీ, కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, కూర్చుని ఏమంటుందో మాకెవరికీ తెలియకుండానే వానలు వెళ్ళిపోతాయనీ అప్పటికి నాకు తెలియదు.

“ఒప్పుకోకపోతే ఇంకోసారి అడగండి,” అన్నాను.

ఆయన నా వైపు తిరిగి చూశారు. ఏదో అనబోయారు.

“తమ్ముడూ,” అంది అక్క, సూదిని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, “కాస్త జరుగుదూ. వెలుతురుకు అడ్డం నిలబడ్డావు.”

ఆయన ఉలిక్కిపడి పక్కకు జరిగారు. అయినా నీడ పడుతోందేమోనని బల్ల వైపు చూసుకుని, ఇంకొంచెం జరిగారు. గోడవారగా, చిట్టి కాళ్ళ దగ్గర, బురద దుప్పటికి అంటకుండా ముడుచుకుని కూర్చున్నారు. అక్క ఒక కన్ను మూసి దారం ఎక్కించింది.